ప్రమాదము, పరిహారము: గృహిణులెఱుగవలసిన కోర్టుమాటలు

దినపత్రికలో రోడ్డుప్రమాదమును గూర్చిన వార్త కడపట "మృతుల కుటుంబములకు ఎక్స్‌గ్రేషియా ప్రకటింపబడినది" అను వాక్యము తఱచుగా కానవచ్చును. ఆ మాటను మన యిండ్లలో నష్టపరిహారమనియే చెప్పుకొందురు. రెంటికిని గల భేదము చిన్నది కాదు. ఎక్స్‌గ్రేషియా యనునది లాటిను పదము. దయచేత ఇచ్చునది యని దాని యర్థము. ఇచ్చువారు ఇచ్చిన పుచ్చుకొనవలసినదే గాని, ఇంత యిమ్మని నిలదీసి యడుగుటకు వీలు లేదు. నష్టపరిహారము అట్టిది కాదు. ఒకని తప్పువలన మఱియొకనికి గాయమో మరణమో సంభవించినపుడు చట్టప్రకారము చెల్లింపవలసిన బాకీ యది. ఎక్స్‌గ్రేషియా చెక్కు పుచ్చుకొన్నంతమాత్రమున నష్టపరిహారపు దావా హక్కు పోదు. ఈ యొక్క సంగతి తెలియక, "సర్కారువారు ఇచ్చిరి గదా, ఇంకేమున్నది" అని యూరకుండిన కుటుంబములు మేమెఱిగినవే రెండు మూడు కలవు.

మేము న్యాయవాదులము కాము. చిన్ననాట తండ్రిగారి యొద్ద కావ్యములును, ధర్మశాస్త్రములలో కొంత భాగమును చదువుకొన్నవారము. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే వీథిలోని స్త్రీలు కాగితములు చదివించుకొనుటకు మా గుమ్మమునకే వత్తురు. పూర్వము ఉత్తరములు తెచ్చెడివారు. ఇపుడు ఉత్తరములు వ్రాయువారెవరు? ఆసుపత్రి బిల్లులును, బ్యాంకి కాగితములును, కోర్టు నోటీసులును తెచ్చుచున్నారు. ఆ నోటీసులలోని మాటలు తెలుగు లిపిలో నున్నను తెలుగు వలె వినబడవు. వానిలో ముఖ్యమైన కొన్నింటి యర్థమును, మోటారు ప్రమాదములను ముందుంచుకొని, మాకు తెలిసినంత వఱకు చెప్పుదుము.

మొదటి మాట నెగ్లిజెన్సు. దీనిని నిర్లక్ష్యమని తెలిగించుచున్నారు. మన వాడుకలో నిర్లక్ష్యమనగా లెక్కలేనితనము, పొగరు. కోర్టులో దాని కట్టి యర్థము లేదు. చెడ్డ తలంపు ఉండనక్కఱలేదు, పగ ఉండనక్కఱలేదు. జాగ్రత్త వహింపవలసిన బాధ్యత యొకటి యుండవలెను, ఆ బాధ్యత తప్పియుండవలెను, తప్పుటవలననే నష్టము కలిగియుండవలెను. అంతియే. ఈ బాధ్యత ఎవరియెడల ఎంత దూరము పోవునను ప్రశ్నకు గొప్ప సమాధానము తెచ్చినది యొక బీదస్త్రీ. స్కాట్లండు దేశములో పెయిస్లీ యను పట్టణమున 1928వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీని డోనహ్యూ అను నామె తన స్నేహితురాలితో నొక ఫలాహారశాలకు పోయెను. స్నేహితురాలు అల్లపు పానీయమును కొని పెట్టెను. సీసా నల్లనిది, లోపలిది కనబడదు. సగము త్రాగిన పిమ్మట మిగిలినది పోయగా కుళ్లిన నత్త బయట పడినదని ఆమె ఫిర్యాదు. సీసా కొన్నది ఆమె కాదు. కావున అంగడివానితో ఆమెకు ఒప్పందము లేదు. పానీయము చేసినవానినే ఆమె కోర్టు కీడ్చెను. ఫీజులు చెల్లించుకొనలేని నిరుపేదగా అనుమతి పొంది, ఆ దేశపు అత్యున్నత న్యాయపీఠము వఱకు పోయి, 1932లో ముగ్గురు న్యాయమూర్తులు అనుకూలముగను ఇద్దఱు ప్రతికూలముగను ఉండగా గెలిచెను. మన పని యెవరికి తగులునో వారందఱును మనకు పొరుగువారే యని ఆ తీర్పు సారము. నిర్లక్ష్యమును గూర్చి మన దేశపు కోర్టులు చెప్పు న్యాయము చాలవఱకు ఈ మార్గముననే నడచుచున్నది. నత్త నిజముగా ఉండెనా లేదా యనునది మాత్రము ఎన్నడును ఋజువు కాలేదట! ఆ విచారణ జరుగక మునుపే వ్యాజ్యము రాజీపడినది.

ఇది పడమటి దేశపు సరకే యని తలంపవలదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయములో బండి ప్రమాదములను గూర్చి చెప్పిన భాగము కలదు. ఆ గ్రంథములో మేమొప్పుకొనని విషయములు పెక్కులున్నను, ఈ భాగము చదివినపుడెల్ల మాకు ఆశ్చర్యమే. ముకుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసో చక్రమో భగ్నమైనను, తొలగుడని కేకవేసిన పిమ్మట తగిలినను తోలువానికి దండనము లేదు. తోలువాని చేతగానితనముచే బండి త్రోవ తప్పి హింస జరిగినచో యజమానునికి రెండువందల పణములు దండుగ. తోలువాడు నేర్పరియైనచో దండుగ వానికే. వాడు నేర్పులేనివాడైనచో బండిలో కూర్చున్నవారికి కూడ తలకొక నూఱు! అట్టివాని బండి యెందుకెక్కితిరని కాబోలు. గాయపఱచినవాడు గాయపడినవాని చికిత్సకైన ఖర్చు ఈయవలెనని కూడ అచ్చటనే యున్నది. దానికి సముత్థానవ్యయమని పేరు. పడినవాడు మరల లేచుటకగు వ్యయము. నేటి మెడికల్ ఎక్స్‌పెన్సెస్ అను మాటకంటె ఇది యెంత చక్కగా నున్నది!

తోలువాని తప్పునకు యజమానుడు బాధ్యుడగుట నేటి చట్టములోను కలదు. కోర్టులో దీనిని వైకేరియస్ లయబిలిటీ యందురు. డ్రైవరు ఎంతటి నేర్పరియైనను, యజమానుని పనిమీద నుండి తప్పు చేసినచో యజమానుడు చెల్లింపవలసినదే. యజమానుడనగా రిజిస్ట్రేషను పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. స్కూటరు నమ్మి పేరు మార్పింపక ఊరకున్న యిండ్లవారు ఈ మాటను రెండుమార్లు చదువుకొనవలెను. పదునెనిమిదేండ్లు నిండని కుమారుడు బతిమాలెనని బండి తాళపుచెవి యిచ్చు తల్లులు మఱియొకటి కూడ తెలిసికొనవలెను: 2019 సవరణము తరువాత అట్టి బాలుడు ప్రమాదము చేసినచో సంరక్షకునికి, లేక యజమానునికి, మూడేండ్ల వఱకు ఖైదును 25,000 రూపాయల జుల్మానాయును పడవచ్చును.

సామాన్యముగా తప్పు జరిగినదని ఋజువు చేయవలసిన భారము నష్టపడినవారిదే. కాని కొన్ని చోట్ల జరిగిన సంగతియే సాక్ష్యము చెప్పును. ఢిల్లీ చాందినీచౌకులో పురపాలకసంఘమువారి గడియారపు స్తంభము కూలి జనులు చనిపోగా, సుభాగవంతి యను నామెయు మఱి యితరులును వ్యాజ్యము వేసిరి. నలువది, నలువదియైదేండ్లు నిలువవలసిన కట్టడము ఎనుబదియేండ్లది. స్తంభములు వాటంతట నవి కూలవు. కూలినవన్న వానిని కనిపెట్టుకొని యుండవలసినవారు కనిపెట్టలేదన్నమాటయే యని 1966లో సుప్రీంకోర్టు చెప్పినది. దీనికి రెస్ ఇప్సా లోక్విటర్ అని నోరు తిరుగని లాటిను పేరొకటి కలదు. పేరు మఱచినను నష్టము లేదు. ప్రమాదకరమైన వాయువులు మొదలగువానితో పరిశ్రమ నడపువారి విషయములోనైతే, తప్పున్నదా లేదా యను ప్రశ్నయే పుట్టదు, సంపూర్ణబాధ్యత వారిదే. 1984 భోపాలు ఘోరము తరువాత, 1985లో ఢిల్లీలో నొక కర్మాగారమునుండి విషవాయువు వెలువడిన సందర్భమున సుప్రీంకోర్టు ఈ సూత్రమును స్థాపించినది. 2020 మే 7వ తేదీని విశాఖపట్టణములో వాయువు వెలువడి జనులు చనిపోయినపుడు జాతీయ హరిత ట్రిబ్యునలు మఱునాడే ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు జమకట్టుమని యాజ్ఞాపించుట మన ప్రాంతమువారికి జ్ఞాపకముండును.

ఇక, ఎదుటిపక్షపు వకీలు తఱచుగా పలుకు మాట కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్సు. గాయపడినవారి తప్పు కూడ కొంత కలదని దాని యర్థము. నూటికి ఇరువది వంతులు నీ తప్పని తేలినచో పరిహారములో ఇరువది వంతులు తగ్గును. అంతియే గాని దావా మొత్తము పోదు. దీనికి చుట్టము వంటి మాట కాంపొజిట్ నెగ్లిజెన్సు. ఇది వేఱు. లారీయు బస్సును గుద్దుకొనగా బస్సులోని ప్రయాణికురాలికి కాలు విఱిగినదనుకొందము. తప్పు లారీవానిది కొంత, బస్సువానిది కొంత, ఆమెది లేదు. అట్టిచో ఆమె మొత్తము పరిహారమును ఇద్దఱిలో నెవరివద్దనైనను రాబట్టుకొనవచ్చునని 2015లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. వారు వారు తరువాత పంచుకొందురు గాక. ఒకే మోటారుసైకిలుపై ముగ్గురు పోవుచుండిరను కారణమున పరిహారము తగ్గించుట కూడ తగదనియు, ముగ్గురెక్కుటవలననే ప్రమాదము జరిగినదని చూపవలెననియు 2020లో చెప్పిరి. ముగ్గురెక్కుట మంచిదని మేము చెప్పుట లేదు. దానికి వేయవలసిన జుల్మానా వేఱు, చనిపోయినవాని బిడ్డలకు రావలసిన సొమ్ము వేఱు.

"పోలీసుకేసు కొట్టివేసిరమ్మా, ఇంక మాకేమియు రాదు" అని కంటనీరు పెట్టుకొనువారు కలరు. ఈ భ్రమ తొలగవలెను. ఒకే ప్రమాదమునుండి రెండు వ్యవహారములు పుట్టును. ఒకటి డ్రైవరును శిక్షించుటకు ప్రభుత్వము నడపునది; అందులో సందేహమునకు తావులేని ఋజువు కావలెను. రెండవది సొమ్ము కొఱకు మనము నడపునది. అందులో ఏది జరిగియుండుటకు ఎక్కువ అవకాశమున్నదో చూచుట చాలును. మొదటిదానిలో డ్రైవరు విడుదలయైనను రెండవది నిలిచియుండవచ్చును. అయినను పోలీసువారి కాగితములు రెండవదానికి ప్రాణము. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పంచనామా, ఆసుపత్రివారి గాయపు సర్టిఫికెట్టు, మరణమైనచో శవపరీక్ష నివేదిక, ఇవన్నియు నొక సంచిలో వేసి ఇంటి స్త్రీ తనయొద్ద నుంచుకొనవలెను. మగవారి చొక్కాజేబులలో పెట్టిన కాగితములు చాకలిరేవు చేరుట మనమెఱుగనిది కాదు.

ఈ సొమ్ము విచారణ చేయు న్యాయస్థానమునకు మోటారు ప్రమాదముల క్లెయిమ్స్ ట్రిబ్యునలని పేరు. ఇది 1988 మోటారు వాహనముల చట్టము ననుసరించి నడచుచున్నది. మన జిల్లాలలో జిల్లా న్యాయమూర్తులే సాధారణముగా దీనిని నిర్వహింతురు. అర్జీ పెట్టువారు పిటిషనరు, ఎదుటివారు రెస్పాండెంట్లు. డ్రైవరును, యజమానుని, ఇన్స్యూరెన్సు కంపెనీని ముగ్గురను రెస్పాండెంట్లుగా చూపుట వాడుక. ప్రమాదము జరిగిన చోటనే పెట్టవలెనని నియమము లేదు. తానుండు ఊరిలోనైనను, ఎదుటివాడుండు ఊరిలోనైనను పెట్టవచ్చును. తిరుపతి యాత్రకు పోవుచు త్రోవలో గాయపడిన శ్రీకాకుళపు స్త్రీ విచారణకై చిత్తూరు పరుగెత్తనక్కఱలేదు.

థర్డ్ పార్టీ యను మాటకు మూడవ పక్షమని యర్థము. వాహనపు యజమానుడు మొదటివాడు, ఇన్స్యూరెన్సు కంపెనీ రెండవది, వాహనమువలన నష్టపడిన పరులు మూడవవారు. ప్రతి వాహనమునకును ఈ మూడవవారి కొఱకు ఇన్స్యూరెన్సు ఉండితీరవలెను. చవుకలో తెచ్చు పాలసీ తఱచుగా ఇంతమాత్రపుదే. స్త్రీలు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి యిందు కలదు. స్కూటరుపై వెనుక ఊరక కూర్చుండు వ్యక్తి, చట్టము నిర్బంధించిన ఈ కనీసపు పాలసీలోనికి రాదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు. ఎదుటి లారీ తప్పైనచో లారీ కంపెనీ చెల్లించును, చింత లేదు. మన స్కూటరే జారిపడినచో? వెనుక కూర్చుండునది ఎక్కువగా మనమే. పాలసీ కాగితము తీసి, వెనుక కూర్చుండువారి కొఱకు ప్రీమియము కట్టిరో లేదో చూడుడు. కట్టకున్న నడుగుడు. మఱియొక మాట పే అండ్ రికవర్: డ్రైవరుకు లైసెన్సు లేకపోవుట వంటి లోపములున్నపుడు కంపెనీ ముందు బాధితులకు చెల్లించి, తరువాత యజమానునివద్ద వసూలు చేసికొనవలెనని కోర్టు ఇచ్చు ఉత్తరువు.

తప్పెవరిదో తేల్చకయే ఇచ్చు పరిహారము కూడ కలదు. 2019 సవరణముచే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు అని నిర్ణయించిరి. త్వరగా వచ్చును; కాని దానిని పుచ్చుకొన్నచో తప్పు ఋజువుచేసి యెక్కువ కోరు పిటిషను పోవును. సంపాదించు యువకుడు పోయిన యింట ఈ 5 లక్షలు చాల తక్కువ కావచ్చును. తొందరపడక లెక్క వేయించుకొనవలెను. తీవ్రగాయమను మాటకు కూడ నిర్వచనము కలదు: ఎముక విఱుగుట, పన్నూడుట, కన్ను లేక చెవి పోవుట, ముఖము వికృతమగుట మొదలగునవి, 2024 జూలైనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత ప్రకారము పదునైదు దినములు తీవ్రబాధనో, నిత్యకృత్యములు చేసికొనలేని స్థితినో కలిగించు గాయమును అట్టిదే. గుద్దిన వాహనమేదో తెలియకున్నను 2022 పథకము క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు వచ్చును. దానికి ట్రిబ్యునలు అక్కఱలేదు. రెవెన్యూ అధికారికి అర్జీ పెట్టవలెను.

ఇపుడు లెక్క. ఇది తెలిసిన గాని మనకు రావలసినదెంతో తెలియదు. ముప్పదియెనిమిదేండ్ల వడ్రంగి, నెలకు 15,000 రూపాయల సంపాదన. భార్య, ఇద్దఱు బిడ్డలు, ముసలితల్లి ఆధారపడియున్నారు. నలువదేండ్లలోపువాడగుటచే, ముందుముందు సంపాదన పెరుగునని నూటికి నలువది కలుపుదురు: 21,000. ఏటికి 2,52,000. ఆధారపడినవారు నలుగురగుటచే వాని సొంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయుదురు: మిగిలినది 1,89,000. దీనిని మల్టిప్లయరు అను గుణకముతో హెచ్చింతురు. ఈ గుణకము మృతుని వయస్సును బట్టి యుండును. 2009లో సరళావర్మ కేసులో సుప్రీంకోర్టు పట్టిక యిచ్చినది: పదునైదు మొదలు ఇరువదియైదేండ్ల వఱకు 18, ముప్పదియాఱు మొదలు నలువది వఱకు 15, అరువదియైదు దాటినచో 5. మన వడ్రంగికి 15. అనగా 28,35,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు మొదలగునవి వేఱు. వానిలో కన్సార్షియమను మాట యొకటి కలదు. భర్తను కోల్పోయిన భార్యకు, తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డకు, బిడ్డను కోల్పోయిన తల్లికి కలిగిన సాహచర్యనష్టము. 2017లో దీనికి 40,000 రూపాయలని నిర్ణయించి, మూడేండ్లకొకమారు నూటికి పదివంతున పెంచుమనిరి. సాహచర్యమునకు వెల కట్టగలవారెవరు? సున్న వ్రాయుటకంటె నేదో యొక అంకె మేలని కోర్టువారి యుద్దేశ్యము కాబోలు.

వడ్రంగి భార్యయే చనిపోయినచో? ఆమె సంపాదన యెంత? చిరకాలము ఈ గడిలో కోర్టులు వ్రాసిన అంకె వినిన సిగ్గగును. జంషెడ్‌పూరులో 1989 మార్చి 3వ తేదీని ఉత్సవసమయమున అగ్నిప్రమాదము జరిగి అరువదిమంది మరణించిరి. వారిలో స్త్రీలు, బిడ్డలే యెక్కువ. ముందుగా గృహిణి సేవకు ఏటికి 12,000 రూపాయలుగా వెల కట్టిరి. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు దానిని నెలకు 3,000, ఏటికి 36,000 చేసెను. అరువది దాటిన వృద్ధస్త్రీలకు ఏటికి 20,000. మనుమలను పెంచు అవ్వ పని తల్లి పనిలో సగముకంటె కొంచెము ఎక్కువ యని లెక్క! మా యింటిలో మా అత్తగారు వినిన ఊరకుండరు.

2010లో అరుణ్‌కుమార్ అగర్వాల్ కేసు వచ్చెను. భార్యను కోల్పోయిన భర్త పెట్టిన దావా. 2001 జనాభా లెక్కలలో ఇంటిపని చేయు స్త్రీలను పని లేనివారి వర్గములో భిక్షకులు, ఖైదీలు మొదలగువారి సరసన చేర్చుటను న్యాయమూర్తి గాంగూలీగారు ఆ తీర్పులో తీవ్రముగా నిరసించిరి. తెల్లవాఱుజామున లేచి నడిరేయి మేను వాల్చువారు పని లేనివారట!

2021 జనవరి 5వ తేదీని మఱియొక తీర్పు వచ్చినది. 2014లో ఢిల్లీలో మోటారుసైకిలుపై పోవుచున్న దంపతులను కారు గుద్దగా ఇద్దఱును మరణించిరి. మిగిలినవారు పసిబిడ్డలైన కుమార్తెలు. హైకోర్టు 22 లక్షలకు తగ్గించిన పరిహారమును సుప్రీంకోర్టు 33 లక్షల 20 వేలు చేసెను. అందు గృహిణుల పనిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసినవారు మన కృష్ణాజిల్లా పొన్నవరము గ్రామమున పుట్టిన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు. 2019 నాటి ప్రభుత్వపు లెక్కలను వారు చూపిరి: జీతములేని యింటిపనికి స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచుండగా పురుషుడు 97 నిమిషములు. జీతము లేదు కావున ఆ పనికి విలువ లేదనుట చెల్లదనియు, సంపాదింపని గృహిణికి కూడ తగిన ఆదాయమును ఊహించి లెక్కింపవలెననియు, భవిష్యత్తులో పెరుగుదలను కూడ కలుపవచ్చుననియు వారు వ్రాసిరి. ఇట్లు ఊహించు ఆదాయమునకే నోషనల్ ఇన్‌కమ్ అని పేరు. కావున మన వకీలు పిటిషనులో "మృతురాలు: గృహిణి, ఆదాయము: లేదు" అని వ్రాసినచో ఆ గీత కొట్టివేయింపవలెను. ఆమె చేయు వంట, బిడ్డల చదువు, పాడి, కుట్టుపని, ముసలివారి పరిచర్య అన్నియు విడివిడిగా వ్రాయింపవలెను.

దావా వేయుటకు హక్కెవరికను విషయములో కూడ కోర్టులు మన కుటుంబములను బాగుగనే యెఱిగియున్నవి. అల్లునియింట నుండి అతనిపై ఆధారపడిన అత్తగారు కూడ పరిహారము కోరవచ్చునని 2021లో తీర్పు కలదు. వివాహితయైన కుమార్తెకును హక్కు కలదు.

చనిపోక గాయపడి మంచముపట్టిన వారి విషయములో డిజెబిలిటీ యను మాట ప్రధానము. డాక్టరు నూటికి నలువది వంతులు వైకల్యమని సర్టిఫికెట్టు వ్రాసినంతమాత్రమున సంపాదన నష్టము కూడ నలువదే యనుట పొరపాటు. ఎడమచేయి పోయిన గుమస్తా తన యుద్యోగములోనే యుండవచ్చును. ఎడమచేయి పోయిన వడ్రంగికిగాని డ్రైవరుకుగాని జీవనమే పోయినట్లు. ఈ భేదమును 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు విశదపఱచినది. బిల్లులు చూపి లెక్క చెప్పగలిగిన నష్టము ఒక తరగతి. నొప్పి, వేదన, వివాహావకాశములు తగ్గుట వంటి లెక్కకందనివి మఱియొక తరగతి. పరిచారకుల ఖర్చు మొదటిదానిలోనిది. ఇంటి స్త్రీయే సేవచేయుచున్నపుడు దీనిని అడుగుటకు మనవారు వెనుదీయుదురు. "మా బిడ్డకు నేను చేసికొనుటకు డబ్బేమిటమ్మా" యందురు. తల్లి సేవ చేయుచున్నంత మాత్రమున గుద్దినవాని బాకీ తగ్గదు. 2020లో కాజల్ అను పన్నెండేండ్ల బాలిక కేసులో సుప్రీంకోర్టు ఇద్దఱు పరిచారకులకు నెలకు 10,000 వంతున, గుణకము 18తో, 21,60,000 రూపాయలు ఆ పద్దు క్రిందనే ఇప్పించినది.

ఇక రాజీ. మా వీథిలో కూరగాయలమ్ము నొకామెను ఆటో గుద్ది తుంటియెముక విఱిగినది. ఆటో యజమానుని తరఫున పెద్దమనుష్యులు ఇరువది వేలు తెచ్చి, తెల్లకాగితముపై వ్రాతకోతలు చేసికొని వచ్చిరి. ఆమె కుమారుడు ఆ కాగితమును మాయొద్దకు తెచ్చి, "అమ్మగారూ, ఇందులో డబ్బు ముట్టినట్లే గదా యున్నది, వేలిముద్ర వేయించమన్నారు" అనెను. చదివితిమి. డబ్బు ముట్టినదనుట మొదటి పంక్తి. ఇకమీదట ఏ కోర్టులోను ఏ దావాయు వేయననుట మూడవది. తప్పంతయు తనదేయనుట అయిదవది! ఆటోకు ఇన్స్యూరెన్సున్నది, చెల్లింపవలసినది కంపెనీయే గాని యజమానుడు కాదన్న సంగతి ఆ పెద్దమనుష్యులకును తెలిసినట్లు లేదు. వేలిముద్ర వేయవలదని చెప్పి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపితిమి. 1987 చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతయైనను, ఉచితముగా వకీలు నిచ్చెదరు. 15100 అను నంబరుకు ఫోను చేసినను త్రోవ చెప్పుదురు. ఏడాదిన్నరకు లోక్ అదాలతులో ఆమె వ్యవహారము తెమలినది. వచ్చిన సొమ్ము ఇరువది వేలకు పెక్కు రెట్లు. లోక్ అదాలతు కూడ రాజీయే, కాని న్యాయమూర్తి యెదుట జరుగు రాజీ. దానిపై అప్పీలు లేదు. కావున అంకె నచ్చిన పిమ్మటనే తలయూపవలెను.

గడువు మాట మఱువరాదు. 2022 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చిన సవరణము ప్రకారము ప్రమాదమైన ఆఱునెలలలోపల పిటిషను పెట్టవలెను. ఈ గడువు చెల్లునా చెల్లదా యను వివాదము సుప్రీంకోర్టు వఱకు పోయినది. ఆ తగవు వారిది. మనము నెల మాసికము కాగానే వకీలును చూచుట మంచిది.

ట్రిబ్యునలు తీర్పునకు అవార్డు అని పేరు, బహుమానమని భ్రమపడవలదు. అందు వడ్డీ కూడ పిటిషను తేదీనుండి కట్టింపవచ్చును. అసంతృప్తి యున్నచో తొంబది దినములలో హైకోర్టునకు అప్పీలు చేయవచ్చును. వివాదము లక్ష రూపాయలకు తక్కువైనచో అప్పీలు లేదు. సొమ్మంతయు చేతికీయక బ్యాంకిలో ఫిక్సెడ్ డిపాజిట్టు వేయించినచో కోర్టువారు మనలను నమ్మలేదని కొందఱు నొచ్చుకొందురు. భర్త పోయిన స్త్రీ చేతికి ఒక్కమారుగా సొమ్ము వచ్చినచో చేబదుళ్లడుగు బంధువులెందఱు బయలుదేరుదురో తలంచుకొనుడు. నిరక్షరులకును, మైనరు బిడ్డలకును ఇట్లు భద్రము చేయవలెనని 1994లోనే సుప్రీంకోర్టు సూచించినది. పెద్దవారి డిపాజిట్టుపై నెలనెల వడ్డీ తీసికొనుటకు సాధారణముగా అనుమతి యుండును. మైనరు వాటా పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట బిడ్డకే చెందును. నడుమ చదువునకో వైద్యమునకో కావలసినచో, కళాశాల ఫీజు చీటీనో ఆసుపత్రి అంచనానో జతచేసి ట్రిబ్యునలుకు చిన్న అర్జీ పెట్టిన, కావలసినంత మేరకు విడుదల చేయుమని బ్యాంకికి ఉత్తరువు పంపుదురు.